మన షేర్లు ఎవరి గాదెలో ఉన్నాయి?

సావనీరుకి ఒక వ్యాసం ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగారు. "ఏదైనా ఫరవాలేదు మేష్టారూ, యువతకి సందేశంలాంటిది" అన్నారు. సందేశాలివ్వడానికి ఈ సంచికలో నాకంటె పెద్దలు ఉంటారు. నేను కామర్సు పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన జమాఖర్చుల భాషలోనే, షేర్లను అప్పుకివ్వడం అనే విషయం గురించి నాలుగు మాటలు రాస్తాను. చోడవరంలో ఇదేం గోలండీ అని నవ్వేవాళ్ళు కొంచెం ఓపిక పట్టి చదవండి.

ఒకప్పుడు మన ప్రాంతంలో షేరు అంటే గోవాడ చక్కెర కర్మాగారం వాటా ఒక్కటే. చెరకు పండించే రైతు సహకార సంఘంలో సభ్యుడయ్యేవాడు, వాటా కాగితం ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకునేవాడు. దాని ధర పెరగదు, తరగదు. అమ్ముదామన్నా బజారు లేదు. వాటా ఉంటే ఫ్యాక్టరీలో మన చెరకుకి చోటు ఉంటుందని ధీమా, అంతే. బొంబాయి కంపెనీల షేర్లు కొన్నవాళ్ళు ఊళ్ళో ఒకళ్ళో ఇద్దరో. వాళ్ళు కూడా ఆ సర్టిఫికెట్లను బదిలీ పత్రాలతో సహా రిజిస్టరు పోస్టులో పంపి, తిరిగి ఎప్పుడొస్తాయా అని పోస్టుమేన్ కోసం నెలల తరబడి ఎదురు చూసేవాళ్ళు.

ఈనాటి సంగతి వేరు. మన క్లాసులో వెనక బెంచీ కుర్రాడికి కూడా జేబులోని ఫోనులో డీమ్యాట్ ఖాతా ఉంది. 2024 మార్చి నాటికి దేశంలో ఇటువంటి ఖాతాలు 15 కోట్లు దాటాయి. అందులో మన విశాఖ జిల్లా వాళ్ళవీ (ఇప్పుడు అనకాపల్లి జిల్లా అనాలి, 2022 ఏప్రిల్ నుంచి మారింది, నాకింకా నోరు తిరగడం లేదు) తక్కువేమీ కాదని మన వీధుల్లో మాటలు వింటే తెలుస్తుంది. టీ కొట్టు దగ్గర బెల్లం రేటుతోపాటు షేరు రేటు కూడా మాట్లాడుకుంటున్నారు. అలా మాట్లాడుకునే కుర్రాళ్ళలో ఒకడు నన్ను అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. "మేష్టారూ, ఊరికే పడివున్న షేర్లని అప్పుకిస్తే నెలనెలా అద్దె వస్తుందటండి. నిజమేనా?" అన్నాడు. నిజమే. అయితే అద్దె అన్నమాట తప్పు. ఆ తప్పు మాటలోనే తిరకాసంతా ఉంది.

అద్దెకిచ్చిన ఇల్లు మళ్ళీ అదే ఇల్లుగా మన చేతికొస్తుంది. కౌలుకిచ్చిన పొలం గట్టు జరిగితే జరగవచ్చు గాని అదే పొలం. షేరు అప్పు అలాంటిది కాదు. దీనికి మన పాత పల్లెటూళ్ళలోనే సరైన పోలిక ఉంది. విత్తనాలు లేని రైతు గాదె నిండుగా ఉన్న రైతు దగ్గరికెళ్ళి పుట్టెడు ధాన్యం పుచ్చుకునేవాడు. పంట చేతికి రాగానే పుట్టెడూ, దానిమీద నాగూ కలిపి కొలిచేవాడు. తిరిగొచ్చింది పాత ధాన్యమా? కాదు. ఆ గింజలు ఎప్పుడో మొలకెత్తిపోయాయి. అదే రకం, అదే కొలత ధాన్యం తిరిగొచ్చింది. ఈ నడుమ కాలంలో ఆ గింజలకి యజమాని ఎవరు? పుచ్చుకున్నవాడే. ఇచ్చినవాడి దగ్గర మిగిలింది గింజలు కాదు, రావలసిన బాకీ. షేర్లు అప్పిచ్చినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. షేరు పేరు మారిపోతుంది. మీకు మిగిలేది ఫలానా తేదీన ఫలానా కంపెనీ షేర్లు ఇన్ని తిరిగి రావాలన్న హక్కు మాత్రమే.

ఇంతకీ షేర్లు అప్పుగా ఎవరికి కావాలి? అనకాపల్లి బెల్లం బజారు తెలిసినవాళ్ళకి ఇది చెప్పనక్కరలేదు. రేటు పడుతుందని గట్టిగా నమ్మిన వర్తకుడు ఒకడున్నాడనుకోండి. అతని కొట్లో దిమ్మలు లేవు. పక్క కొట్టాయన దగ్గర వంద దిమ్మలు చేబదులు పుచ్చుకుని ఇవాళ్టి రేటుకి అమ్మేస్తాడు. పది రోజులకి రేటు పడితే చవగ్గా వంద దిమ్మలు కొని పక్క కొట్టాయనకి అప్పజెబుతాడు. మధ్యలో మిగిలింది లాభం. రేటు పెరిగిందా, పాపం, చేతి చమురు వదులుతుంది. షేర్లలో ఈ పనినే షార్ట్ సెల్లింగ్ అంటారు. ఇదొక్కటే కాదు. అమ్మిన షేరు గడువుకి అందించలేక ఇబ్బందిలో పడ్డవాడికీ, ఫ్యూచర్సు బజారులో ధర అసలు షేరు ధరకంటె తక్కువైనప్పుడు ఆ తేడా పట్టుకుందామనుకునే పెద్ద సంస్థలకీ కూడా అరువు షేర్లు కావాలి.

మన దేశంలో దీని చరిత్ర కొంచెం వంకరటింకరగా నడిచింది. పూర్వం బదలా అనే పద్ధతి ఉండేది. ఇవాళ తీర్చవలసిన లావాదేవీని వడ్డీ కట్టి తరువాతి గడువుకి నెట్టుకుపోవడం. సెబీ 1997లో షేర్ల అప్పులకి ఒక పథకం తెచ్చింది గాని అది అంతగా పాకానపడలేదు. 2001లో కేతన్ పారేఖ్ కుంభకోణం బయటపడ్డాక షార్ట్ సెల్లింగ్‌ని ఆపేశారు, ఆ జూలైలో బదలా కూడా పోయింది. మళ్ళీ 2007 డిసెంబరులో సెబీ కొత్త నిబంధనలు ఇచ్చింది, 2008 ఏప్రిల్ 21న ఇప్పుడున్న పద్ధతి మొదలయింది. మొదట్లో అప్పు గడువు ఏడు రోజులే. ఏడు రోజులకి షేరు తీసుకుని ఎవడేం చేసుకుంటాడు? అదే ఏడాది ముప్ఫై రోజులు చేశారు, 2010లో పన్నెండు నెలలదాకా పొడిగించారు.

ఇప్పుడు మన కుర్రాడు తన షేర్లు అప్పివ్వాలనుకున్నాడనుకోండి. ఏ షేరు పడితే ఆ షేరు పనికిరాదు. అర్హత ఉన్న కంపెనీల జాబితాలో అది ఉండాలి. అతను తన బ్రోకరుకి చెబుతాడు. ఈ సౌకర్యం బ్రోకర్లందరి దగ్గరా లేదు. ఉన్నచోట కూడా దీనికి విడిగా ఒప్పందంమీద సంతకం పెట్టాలి. ఆ తరువాత ఫలానా నెల గడువుకి, షేరు ఒక్కింటికి ఇన్ని రూపాయలు రుసుము అని అతని బేరం తెరమీదకి ఎక్కుతుంది. అటునుంచి పుచ్చుకునేవాడి బేరం కలిస్తే అప్పు కుదిరినట్టే. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. తెలియనక్కరలేదు, ఎందుకంటే మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ ఉంటుంది. అప్పిచ్చేవాడికి అదే పుచ్చుకునేవాడు, పుచ్చుకునేవాడికి అదే ఇచ్చేవాడు. మర్నాటికి షేర్లు అటు వెళతాయి, రుసుము ఇటు వస్తుంది. పుచ్చుకున్నవాడు ఆ షేర్ల విలువకి తగ్గ మార్జిను అక్కడ కట్టి ఉంచాలి, రేటు పెరిగితే ఇంకా కట్టాలి. ఎగవేశాడా, కార్పొరేషన్ బజారులో ఆ షేర్లు కొని మీకిస్తుంది. బజారులో కూడా దొరక్కపోతే నిబంధనల ప్రకారం లెక్కకట్టి డబ్బు ఇస్తుంది. అంటే షేరు తిరిగి వస్తుందని ఇచ్చినవాడికి ఒక్కోసారి షేరు బదులు నగదు రావచ్చునన్నమాట. ధాన్యం ఇచ్చి రొక్కం పుచ్చుకున్నట్టు. దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎంత వస్తుంది? ఇదే కదా అందరూ అడిగేది. లెక్క కోసం ఒక అంకె వేసుకుందాం. షేరు ధర 1,000 రూపాయలు, మీ దగ్గర 100 షేర్లు, అనగా లక్ష రూపాయల ఆస్తి. నెలకి షేరుకి 4 రూపాయలు రుసుము కుదిరిందనుకోండి. నెలకి 400. అందులోంచి బ్రోకరు తన కమిషను తీసుకుంటాడు, దానిమీద పన్ను ఉంటుంది. మిగిలింది మీ ఇతర ఆదాయంలో కలిసి దానికి మళ్ళీ ఆదాయపు పన్ను. ఏడాది పొడుగునా ప్రతి నెలా పుచ్చుకునేవాడు దొరికితే, అదీ అదే రేటుకి దొరికితే, లక్షకి 4,800. కాని దొరకడు. గిరాకీ ఉన్న నెలలో మంచి రేటు పలికిన షేరుకి మర్నెల అడిగే నాథుడుండడు. పేరున్న పెద్ద కంపెనీల షేర్లు బజారులో కుప్పలుగా ఉంటాయి గనుక వాటికి రుసుము చిల్లర డబ్బులే. ఎక్కువ రుసుము పలుకుతోందంటే ఆ షేరు పడుతుందని గట్టిగా నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారని అర్థం. అప్పుడు మీరు సంతోషించాలో భయపడాలో మీరే తేల్చుకోవాలి.

పన్ను విషయంలో ప్రభుత్వం న్యాయంగానే ఉంది. పేరు మారింది కదా, అమ్మినట్టే కదా, లాభంమీద పన్ను కట్టు అనలేదు. సెబీ పథకం ప్రకారం ఇచ్చిన అప్పు బదిలీ కిందికి రాదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 47వ సెక్షనులో చేర్చారు. డివిడెండు వస్తే అప్పు పుచ్చుకున్నవాడి దగ్గర వసూలు చేసి ఇచ్చినవాడికి అందజేస్తారు. షేరు ముక్కలు చేస్తే లెక్క ఆ మేరకి సర్దుతారు. బోనసులాంటివి వచ్చినప్పుడు గడువుకి ముందే అప్పు ముగించి షేర్లు తిరిగి ఇప్పించేస్తారు. ఓటు మాత్రం మీకు ఉండదు. పేరు ఎవరిదో ఓటు వారిది. మన కాలేజీ ఎన్నికల్లో ఓటుకోసం అంత హడావిడి చేసే మిత్రులు కంపెనీ ఓటు సంగతి పట్టించుకోరు గాని, అదీ ఆస్తిలో భాగమే సుమా.

అసలు నష్టం ఎక్కడంటే, మధ్యలో చేతులు కట్టేసినట్టుంటుంది. 2009 జనవరి 7వ తేదీ మన తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేదు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కలు తప్పుడువని ఉత్తరం రాసిన రోజు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికొచ్చి పడింది. అటువంటి రోజున మీ షేర్లు గడువు మీద ఎవరి దగ్గరో ఉన్నాయనుకోండి. అమ్ముకుందామన్నా చేతిలో లేవు. అర్ధంతరంగా వెనక్కి పిలిపించుకునే ఏర్పాటు ఒకటి ఉందిగాని, మీ బదులు అప్పిచ్చేవాడు బజారులో దొరకాలి, వాడడిగిన రుసుము మీరు పెట్టుకోవాలి. కొంపలంటుకున్నప్పుడు బావి తవ్వినట్టే. నెలకి నాలుగు వందల కోసం ఈ ఇరకాటం అవసరమా అంటే, పదేళ్ళు అమ్మకుండా దాచుకుందామని కొన్నవాడికి పెద్ద ఇరకాటం కాదు. రేపో మాపో పిల్ల పెళ్ళికో ఆస్పత్రికో అమ్మవలసినవాడికి మాత్రం వద్దనే చెబుతాను.

నా సహోద్యోగి ఒకాయన, తెలుగు శాఖవారు, ఈ మాటలు విని మండిపడ్డారు. "మీ కంపెనీ పడిపోవాలని కోరుకునేవాడికి మీ షేరే చేతిలో పెడతారా? చెట్టే గొడ్డలికి కామ ఇచ్చినట్టు లేదూ?" అన్నారు. వినడానికి బాగుంది. అయినా నేను ఒప్పుకోను. రేటు పెరగాలని కోరుకునేవాళ్ళు మాత్రమే ఉన్న బజారు, పొగడ్తలు మాత్రమే ఉన్న సన్మానసభ లాంటిది. అబద్ధపు లెక్కలు రాసే కంపెనీని పట్టుకోవడంలో దాని పతనం మీద పందెం కాసినవాడికున్న ఓపిక ఇంకెవరికీ ఉండదు. అమెరికాలో ఎన్రాన్ లెక్కలు తేడాగా ఉన్నాయని అది కూలక ముందే అనుమానించి, ఆ షేరును అరువు తెచ్చి అమ్మినవాడు జిమ్ చానోస్. అలాంటివాళ్ళు ఉండాలి. వాళ్ళుండాలంటే షేర్లు అప్పిచ్చేవాళ్ళూ ఉండాలి. మన దేశంలో షేరు చేతిలో లేకుండా, అరువైనా తేకుండా అమ్మి గడువుకి చేతులెత్తేయడం నిషిద్ధం. కనుక పద్ధతిగా అప్పు దొరికే బజారు ఉండడమే అందరికీ మేలు. దీనిలో ద్రోహం ఏమీ లేదు. నచ్చనివాడు ఇవ్వకుండా ఊరుకోవచ్చు. ఇవ్వడమూ మానడమూ మన ఇష్టం కావాలి, అంతే.

ఆ ఇష్టం అన్నమాట దగ్గరికే రావాలని ఇంతసేపూ చెబుతూ వచ్చాను. మనం ఇచ్చిన అప్పు గురించి మనకి భయం అక్కరలేదు. దానికి గడువుంది, రుసుముంది, మధ్యలో జామీనుంది. మనం ఇవ్వని అప్పు గురించే భయపడాలి. మన గాదెలో ధాన్యం మనకి తెలియకుండా పాలేరు ఇంకొకడి దగ్గర కుదువబెట్టి, వచ్చిన డబ్బుతో తన బావమరిది చేత ఇల్లు కట్టించాడనుకోండి. మనం అడిగినప్పుడల్లా "గాదె నిండుగానే ఉందయ్యా" అని చీటీ చూపిస్తూ ఉంటాడు. ఇది కట్టుకథ అనుకుంటున్నారా? హైదరాబాదులో జరిగింది.

కార్వీ స్టాక్ బ్రోకింగ్ పేరు ఆంధ్రదేశంలో ఎరగనివాళ్ళు లేరు. 1980ల మొదట్లో హైదరాబాదులో చార్టర్డ్ అకౌంటెంట్లు మొదలుపెట్టిన సంస్థల వంశంలోది. తెలుగువాళ్ళ సంస్థ, ఊరూరా శాఖలు, ఇంటికొచ్చి ఫారాలు నింపించే కుర్రాళ్ళు. 2019 నవంబరు 22న సెబీ ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారుల షేర్లను కార్వీ తన పేరున ఉన్న ఒక డీమ్యాట్ ఖాతాలోకి మళ్ళించి, వాటిని బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని అందులో ఉంది. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు మధ్యలో 1,096 కోట్ల రూపాయలు తన గ్రూపులోని రియల్ ఎస్టేటు కంపెనీకి వెళ్ళినట్టు కూడా తేలింది. చిక్కుకున్న షేర్లు సుమారు 2,300 కోట్ల రూపాయలవి, ఖాతాదారులు దాదాపు 95,000 మంది. వీళ్ళలో ఎంతమంది ఉద్యోగ విరమణ డబ్బు పెట్టుకున్న మేష్టర్లో, తాలూకాఫీసు గుమాస్తాలో ఊహించుకోండి. డిసెంబరు 2న డిపాజిటరీ 82 వేలకి పైగా ఖాతాదారులకి షేర్లు తిరిగి చేర్చింది. అది వాళ్ళ అదృష్టం. ఊరుకుంటారా బ్యాంకులు? మేం అప్పిచ్చాం, తాకట్టు మాది అని అప్పీలు ట్రిబ్యునల్‌కెక్కాయి. ఇద్దరూ తమ సొమ్ము తాము అడుగుతున్నవాళ్ళే. ఇద్దరి మధ్యా ఒకే షేరు. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కార్వీని ఎగవేతదారుగా ప్రకటించి సభ్యత్వం తీసేసింది. 2021 ఆగస్టులో దాని అధిపతి పార్థసారథిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ చివరి ఉత్తర్వుతో ఆయన్నీ సంస్థనీ ఏడేళ్ళపాటు బజారు నుంచి బహిష్కరించి జుర్మానా వేసింది.

ఇదంతా ఎలా సాధ్యమయింది? దొంగతాళంతో కాదు. మనమిచ్చిన తాళంతోనే. ఖాతా తెరిచేటప్పుడు పెన్సిలుతో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టాం. వాటిలో ఒకటి పవర్ ఆఫ్ అటార్నీ. మీరు షేరు అమ్మినప్పుడు దాన్ని మీ ఖాతానుంచి బయటికి తీసి అప్పజెప్పడానికి బ్రోకరుకి ఇచ్చిన అధికారం అది. పంట అమ్మినప్పుడు బస్తాలు దింపుకో అని ఇచ్చిన తాళంతో మిగతా రోజుల్లో కూడా గాదె తీస్తే ఆపేవాడెవడు?

తరువాత సెబీ గట్టిగానే కదిలింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2020 సెప్టెంబరు 1 నుంచి మార్జిను కోసం షేర్లు చూపించాలంటే అవి బ్రోకరు ఖాతాలోకి పోనక్కరలేదు, మీ ఖాతాలోనే ఉండి తాకట్టు గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడాలన్నా డిపాజిటరీ మీ ఫోనుకి పంపిన అంకె మీరు కొట్టాలి. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ బదులు పరిమితమైన అధికారపత్రం ఒకటి తెచ్చారు, అమ్మిన షేర్లు అప్పగించడానికీ, మార్జిను తాకట్టుకీ, ఇంకా ఒకటి రెండు పనులకీ మాత్రమే పనికొచ్చేలాగ. ఇవన్నీ మంచి తాళాలు. అయితే ఫోనుకొచ్చిన అంకెను "ఎవరో అడిగారు, చెప్పేశాను" అనే మహానుభావులు ఇంటింటా ఉన్నారు. వాళ్ళకి ఏ తాళం వేసి ఏం లాభం?

ఇంకొక సంగతి. మన పూర్వ విద్యార్థులు టెక్సాసులోనూ న్యూజెర్సీలోనూ చాలామంది ఉన్నారు, ఈ సావనీరు వాళ్ళకీ వెళుతుంది. వాళ్ళకి అక్కడి పద్ధతి ఇక్కడికంటె వేరని చెప్పాలి. అక్కడ అప్పు బజారులో నడవదు, బ్రోకరే నేరుగా మీ దగ్గర పుచ్చుకుంటాడు. పూర్తిగా డబ్బు చెల్లించి కొన్న షేర్లయితే మీ అనుమతి కావాలి, వాటికి ఈడుగా నగదో ప్రభుత్వ పత్రాలో విడిగా ఉంచాలి. వచ్చిన రుసుములో మీకెంత అన్నది బ్రోకరు దయ. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ వంటివారు సగం ఇస్తామంటారు. డివిడెండు బదులు వచ్చే సొమ్ముకి డివిడెండుకుండే పన్ను రాయితీ అక్కడ వర్తించదు. బ్రోకరు మునిగిపోతే ఆదుకునే అక్కడి రక్షణ సంస్థ రక్షణ అప్పుకిచ్చిన షేర్లకి ఉండకపోవచ్చునని ఒప్పంద పత్రాల్లోనే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఇక అప్పు తీసుకుని షేర్లు కొనే మార్జిను ఖాతా అయితే మిమ్మల్ని మళ్ళీ అడగరు. మీరు బాకీ ఉన్నదాన్నిబట్టి ఒక హద్దుదాకా మీ షేర్లు వాడుకోవచ్చునని ఖాతా తెరిచిననాడే సంతకం పెట్టి ఇచ్చేశారు. వాటిమీద వచ్చే రుసుము కూడా వాళ్ళదే.

2021 జనవరిలో గేమ్‌స్టాప్ అనే కంపెనీ విషయంలో అరువు తెచ్చి అమ్మిన షేర్లు బజారులో తిరిగే మొత్తం షేర్లకంటె ఎక్కువయ్యాయని విని చాలామంది నోళ్ళు తెరిచారు. ఉన్నవాటికంటె ఎక్కువ ఎలా అమ్ముతారండీ అని. మళ్ళీ గాదె దగ్గరికే వెళదాం. రామయ్య పుట్టెడు ధాన్యం సోమయ్యకి అప్పిచ్చాడు. సోమయ్య దాన్ని భీమయ్యకి అమ్మాడు. భీమయ్యకి అది సొంత ధాన్యం, నిక్షేపంగా కామయ్యకి అప్పిచ్చాడు. కామయ్య ఇంకొకరికి అమ్మాడు. ఊళ్ళో ఉన్నది పుట్టెడే. బాకీ చీటీలు మాత్రం రెండు పుట్లకి ఉన్నాయి. రామయ్యా నాదేనంటాడు, భీమయ్యా నాదేనంటాడు, ఇద్దరూ సత్యమే చెబుతున్నారు. పంట బాగా పండినన్నాళ్ళు ఎవరికీ బాధ లేదు. అందరూ ఒకే రోజున గాదె తలుపు తట్టితేనే తెలుస్తుంది. అరువు సొమ్ములు బరువు చేటు అని మనవాళ్ళు తెచ్చుకున్నవాడి గురించే అన్నారు. ఈ కాలంలో ఇచ్చుకున్నవాడికీ ఆ బరువు కొంచెం తెలియాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షేర్లు అప్పివ్వడం మంచి ఏర్పాటే, చిన్న మదుపుదారుకి దానివల్ల వచ్చేది మాత్రం చేతిఖర్చు. దీన్ని ఉద్యోగంలా చెప్పి ఆశపెట్టేవాడిని నమ్మవద్దు. ఈ మధ్య "మీ షేర్లు మాకు బదిలీ చేయండి, నెలకి రెండు శాతం గ్యారంటీ" అని ఊళ్ళు తిరిగేవాళ్ళు బయల్దేరారు. మన పక్క గ్రామంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరికి అలాంటి కాగితం పట్టుకొచ్చారు. "చూడండి బాబూ, వాడు మా దూరపు చుట్టమే, మంచోడే" అన్నారు. చుట్టరికం సంగతి నాకు తెలియదు. కాగితంలో క్లియరింగ్ కార్పొరేషన్ పేరు లేదు, ఎక్స్ఛేంజి పేరు లేదు, గడువు తేదీ లేదు. "ఇది అప్పు కాదండి, దానం" అని చెప్పి పంపాను. సంతకం పెట్టలేదని తరువాత తెలిసింది. చుట్టం మాత్రం పలకడం మానేశాడట.

బ్రోకర్లమీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ప్రకటన తెలుగులో ఇస్తారు, తెలుగు సినిమా నటుల చేత చెప్పిస్తారు. సంతకం పెట్టే ఒప్పందం మాత్రం ఇంగ్లీషులో, అదీ నలభై పేజీలు. గోవాడ రైతు వాటా కాగితం తెలుగులో చదువుకోగా లేనిది, అదే రైతు కొడుకు డీమ్యాట్ ఒప్పందం తెలుగులో ఎందుకు చదువుకోలేడు? అప్పు, తాకట్టు, అమ్మకం, ఈ మూడింటికీ మూడు వేర్వేరు సంతకాలు, మూడు వేర్వేరు కాగితాలు, అచ్చ తెలుగులో ఉండాలని సెబీకి రాయవలసింది మనవంటి కాలేజీల కామర్సు శాఖలే. మేం రాయలేదు. తీర్మానాలు ప్రపంచ శాంతి మీద చేస్తాం గాని ఇలాంటివాటి మీద చేయం.

విద్యార్థి సంఘానికి నాదొక వినతి ఉంది. వార్షికోత్సవానికి పాటకచేరీ పెట్టండి, కాదనను. దానికి ముందు ఒక ఆదివారం ఉదయం కామర్సు గది తాళం తీయించండి. డీమ్యాట్ ఖాతా ఉన్న విద్యార్థులూ, వీలైతే వాళ్ళ నాన్నలూ రండి. డిపాజిటరీ నుంచి నేరుగా మీ మెయిలుకి వచ్చే ఖాతా పట్టీ ఒకటి తెచ్చుకోండి. బ్రోకరు యాప్‌లో కనబడేది కాదు, డిపాజిటరీ పంపినది. రెండూ పక్కపక్కన పెట్టి, షేర్ల లెక్క సరిపోయిందా, ఎక్కడైనా తాకట్టు గుర్తు ఉందా, అధికారపత్రం మీద ఏ పనులకి టిక్కు పెట్టి ఉంది అన్నది ఒక్కొక్కరిదీ చూద్దాం. పదిగంటలకి మొదలుపెడితే భోజనాలవేళకి అయిపోతుంది. కళ్ళజోడు నేను తెచ్చుకుంటాను, చిన్న అక్షరాలు చదివిపెట్టడం నా వంతు.